పోటు చూసి పెట్టుకున్న ప్రయాణం

“రెండేళ్లు, ఫోస్కా గారూ. గోడలు ఆరి, పైకప్పు బాగుపడగానే ఇదే తాళంచెవి మళ్లీ మీ చేతిలో పెడతాను. నా మాట నమ్మండి.”

ఈ మాట అన్నవాడు ఇంటి యజమాని, లాయర్ బెర్టోలిన్. వెనిస్‌లో, కాస్తెల్లో పేటలో, కాలువకి ఆనుకున్న వంటింటి గడప మీద నిలబడి, ఫోస్కా పెట్టిన కాఫీ తాగుతూ అన్నాడు. అది ఆరేళ్ల కిందటి సంగతి. గోడలు ఆరాయి. పైకప్పు బాగుపడింది. తాళంచెవే మాయమైంది. ఇప్పుడా తలుపుకి అంకెలు నొక్కే డబ్బా ఒకటుంది. వారానికి మూడు కుటుంబాలు ఆ ఇంట్లో పడుకుని లేస్తాయి కాబట్టి వారానికి మూడుసార్లు ఆ అంకెలు మారతాయి. దీన్ని దోపిడీ అనడానికి ఎవరికీ నోరు రాదు, విహారం అంటారు.

ఫోస్కా ఇప్పుడు సముద్రం మీది రైలు వంతెనకి ఇవతల, గట్టు మీది మెస్త్రే ఊళ్లో, నాలుగో అంతస్తులో ఉంటుంది. చనిపోయిన తమ్ముడి కొడుకు తుల్లియో ఆమెతోనే ఉంటాడు. వాడికి ఇరవై మూడేళ్లు. చదివింది చాలా, పూర్తిచేసిన డిగ్రీ ఒక్కటీ లేదు. పొద్దున్నే కాఫీ అయ్యాక ఫోస్కా కిటికీ దగ్గర కూర్చుని చెక్కపళ్లెం ఒళ్లో పెట్టుకుంటుంది. పళ్లెం నిండా ఆవగింజలంత గాజుపూసలు. కుడిచేతి వేళ్ల మధ్య జానెడు పొడవు సూదులు పాతిక, విసనకర్రలా విప్పి పట్టుకుని పూసల్లో ముంచి లేపుతుంది. ఒక్కో మునకకి ఒక్కో సూదికీ నాలుగైదు పూసలు ఎక్కుతాయి. వాళ్లమ్మ చేసిన పని అదే, అమ్మమ్మ చేసిన పనీ అదే.

సముద్రం పోటెత్తే రోజుల్లో మాత్రం పని పదింటికే ఆపేస్తుంది. ఫ్రిజ్ మీద అంటించిన పోటుల పట్టిక చూసి, కుర్చీలు బల్ల మీదికి ఎత్తి, తివాచీ చుట్టి, రబ్బరు బూట్లు తొడుక్కుంటుంది. కాసేపటికి వంటింటి సింకు కింద నుంచి నీళ్లు వస్తాయి. పాదం మునిగి, చీలమండ దాకా వచ్చి ఆగుతాయి. ఉప్పునీళ్లు, నాచు వాసన. ఒకసారి వేలిగోరంత పీత కూడా వచ్చింది. గంటో గంటన్నరో ఉండి, వచ్చిన దారినే పోతాయి. కింది అంతస్తులోకి ఒక్క చుక్క దిగదు.

కింద ఉండేది షెఫాలీ. బంగ్లాదేశ్‌లో నదీముఖం దగ్గరి లంక నుంచి వచ్చిన మనిషి, హోటల్లో దుప్పట్లు మారుస్తుంది. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా అడుగుతుంది.

“ఇవాళ ఎంతదాకా వచ్చాయి, అక్కా?”

“చీలమండ దాకా. మర్యాదగా వచ్చి, మర్యాదగా పోయాయి.”

“మా ఊళ్లో నీళ్లకి ఇంత మర్యాద లేదు” అని షెఫాలీ వెళ్లిపోతుంది.

సముద్రం నోటికి గేట్లు కట్టాక పెద్ద పోట్లు వెనిస్‌లోకి రావడం మానేశాయి. ఫోస్కా దగ్గరికి రావడం మానలేదు. అందుకే, లాయరు ఏటా పంపే కాగితం మీద ఆమె సంతకం పెట్టలేదు. ‘ఆ ఇంటి మీద నాకు ఏ హక్కూ లేదు, తిరిగి వస్తానన్న ఆశా లేదు’ అని ఉంటుందందులో. ఆ ఒక్క సంతకం వస్తే ఇల్లు అమ్ముకోవచ్చు. అది లేకపోతే కొనేవాడు వెనకాడతాడు. “నీళ్లే నా చిరునామా మర్చిపోలేదు. నేనెందుకు మర్చిపోతాను?” అని ఆమె కాగితాన్ని పూసల డబ్బాల కింద పరిచేది.

అలాంటి ఫోస్కా సెప్టెంబరులో ఒక పొద్దున, రొట్టె పాలలో ముంచుకుంటూ అంది: “ఒరేయ్, నీ ఫోన్లో మనకి రెండు రాత్రులు బుక్ చెయ్యరా. మన ఇల్లు.”

తుల్లియో చేతిలో రొట్టె కింద పెట్టేశాడు. “మన ఇంట్లో పడుకోడానికి వాడికి కిరాయి కట్టాలా? అత్తా, ఇల్లు హక్కు, సరుకు కాదు!”

“ఆ ముక్క గోడ మీద రాసుకో. ముందు బుక్ చెయ్యి.”

“ఇది లొంగిపోవడం.”

“ఇది విహారయాత్ర. అరవై ఏళ్లు ఆ ఊళ్లో ఉన్నాను, ఒక్క రోజు ఊరు చూళ్లేదు. చూసేవాళ్లకి దారి ఇచ్చీ ఇచ్చీ నా భుజాలు అరిగాయి. ఒక్కసారి నేనూ దారికడ్డంగా నిలబడి నోరెళ్లబెట్టి చూస్తాను.”

వాడు ఫోన్ తీశాడు. ఇల్లు కనబడింది. గోడలకి తెల్లరంగు. ‘జాలరి గూడు, ఇద్దరికి హాయి’ అని పేరు. వాళ్ల వంశంలో జాలరి ఎవడూ లేడు. కింద, ఉండి వెళ్లినవాళ్ల అభిప్రాయాలు. ఫోస్కా చదవమంది.

“‘వంటిల్లు చిన్నది, మెట్లు నిటారు, అయినా ఎంత ముచ్చటగా ఉందో.’”

“మెట్లు నిటారే. నిజం రాశారు పాపం.”

“‘కిటికీలోంచి కాలువ కనిపిస్తుంది. పొద్దున్నే పడవవాళ్ల అరుపులు కొంచెం ఇబ్బంది.’”

“అరిచేది ఆ నానే గాడే అయ్యుంటాడు. కూరగాయల పడవ. వాడింకా బతికే ఉన్నాడన్నమాట!” అని ఫోస్కా మొహం వెలిగింది. తుల్లియోకి ఆ వెలుగు చూసి ఒళ్లు మండింది, కళ్లు కూడా.

తర్వాత వారం రోజులు వంటింటి బల్ల మీద పటం పరిచి ఇద్దరూ ప్రయాణం రచించారు. ఫోస్కా జాబితా రాసుకుంది. గంటస్తంభం ఎక్కడం. రాజభవనం లోపలికి వెళ్లడం, చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్లిన రోజు ఆమెకి గవదబిళ్లలు. నిలబడి ఒక గ్లాసు తెల్ల ద్రాక్షసారా, పక్కన సార్డీను చేప. గొండోలా వద్దంది. “అందులో కూర్చుంటే మా నాన్న సమాధిలోంచి లేచి నవ్వుతాడు.”

“ఏ తారీఖు?” అన్నాడు తుల్లియో.

ఆమె ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి పోటుల పట్టిక తెచ్చింది. ప్రపంచంలో ఇంకెవరైనా ఆ ఊరికి వెళ్లాలంటే పోటు లేని రోజు వెతుక్కుంటారు. ఫోస్కా అక్టోబరు అంతా వేలితో గాలించి, అన్నిటికంటే పెద్ద పోటున్న శనివారం దగ్గర ఆపింది. పొద్దున పది ఇరవై.

“అత్తా, ఇప్పుడు గేట్లున్నాయి కదా. ఆ రోజు వేసేస్తారు.”

“నాలుగంతస్తులు ఎక్కి మెస్త్రే దాకా వచ్చిన నీళ్లురా. వాటికి గేటు ఒక లెక్కా? సొంత గుమ్మానికి రావూ? నేనక్కడ కూర్చుని ఉంటే రావూ?”

ఎన్నో పుస్తకాలు చదివిన తుల్లియోకి ఈ మాటలో తప్పేమీ కనిపించలేదు. ఆరేళ్లు ఆ నీళ్లని బట్టతో తుడిచినవాడు వాడే. బుకింగ్ ఫారంలో ‘మీరు చేరే సమయం’ అన్నచోట ఆమె చెప్పినట్టే పోటుకి ముందురోజు, శుక్రవారం పొద్దున అని రాశాడు. ‘రాకకు కారణం’ అన్నచోట విహారం, వ్యాపారం అని రెండే గళ్లున్నాయి. ఆమె చాలాసేపు చూసి, “విహారం నొక్కు” అంది.

శుక్రవారం పొద్దున రైలు దిగారు. పడవ టికెట్ల దగ్గర కుర్రపిల్ల “ఎక్కణ్ణుంచి వస్తున్నారమ్మా?” అని అడిగింది. ఫోస్కా కాస్తెల్లో అనబోయి ఆగింది. “మెస్త్రే” అంది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

గంటస్తంభం పైన ఆమె తన పైకప్పు వెతుక్కుంది. కొత్త పెంకులు ఎర్రగా మెరుస్తూ, చుట్టుపక్కల ఇళ్ల మధ్య కట్టుడుపన్నులా ఉంది. ద్రాక్షసారా తాగింది. దారికడ్డంగా నిలబడి నోరెళ్లబెట్టి చూసింది కూడా. వెనకనుంచి చేతిబండి తోసుకొస్తున్నవాడు “కాళ్లు చూసుకోండి, కాళ్లు!” అని అరిస్తే ఎంత నవ్విందంటే, తుల్లియో కూడా నవ్వక తప్పలేదు. ఆ నవ్వులో నలభై ఏళ్ల ఫోస్కా ఉంది.

ఇంట్లో, పొయ్యి ఉండాల్సిన గోడకి ఆమె పాత పూసల పళ్లెం మేకుకి తగిలించి ఉంది. అందులో ప్లాస్టిక్ లావెండర్ కట్ట. ఆమె దాని వైపు ఒకసారి చూసి వీపు తిప్పుకుంది. తుల్లియో దాన్ని పీకబోతే, “వదిలెయ్. దొంగతనం కింద రాస్తారు” అంది.

శనివారం తొమ్మిదింటికే కుర్చీలు బల్ల ఎక్కించి, వీధి తలుపు బార్లా తెరిచి, బూట్లు తొడుక్కుని గడపకి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. పది అయింది. పది ఇరవై అయింది. తుల్లియో బయట కాలువ గట్టున నిలబడ్డాడు. నీళ్లు రాతి అంచుకి జానెడు కింద, ఎవరో గద్దించి నిలబెట్టినట్టు కదలకుండా ఉన్నాయి. గేట్లు తమ పని తాము చేశాయి. ఊరంతా పొడిగా, హాయిగా, అమ్ముడుపోతూ ఉంది. అటుగా వెళ్తున్న ఒక జంట ఆగి, తెరిచిన తలుపులోంచి బూట్లేసుకున్న పెద్దావిడని ఫోటో తీసుకున్నారు. ఫోస్కా చెయ్యి ఊపింది.

పన్నెండైంది.

“నన్ను గుర్తుపట్టలేదురా” అంది.

“గేట్లు, అత్తా. గేట్ల వల్ల.”

“అవును. గేట్ల వల్లే” అని ఆమె బూట్లు విప్పింది. లోపల మేజోళ్లు పొడిగా ఉన్నాయి.

ఆదివారం పదింటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలని ఫోన్ మోగింది. మళ్లీ మోగి, ఆ ఇంటికి ఐదు చుక్కల్లో ఎన్ని ఇస్తారని అడిగింది.

మెస్త్రేలో మూడో అంతస్తు మెట్ల దగ్గర షెఫాలీ ఎదురొచ్చింది. మొహంలో రక్తం లేదు.

“అక్కా, నిన్న వచ్చాయి.”

“ఏవి?”

“నీళ్లు. మీ ఇంటికి. ఎన్నడూ లేనంత. మోకాలు దాటి ఉంటాయి. గదిగదికీ తిరిగిన చప్పుడు నాకు కిందికి వినబడింది. కుర్చీలు గోడలకి కొట్టుకున్నాయి. మధ్యాహ్నం దాకా పోలేదు. మొదటిసారి మా ఇంటి కప్పు కారింది.” షెఫాలీ కొంగుతో మొహం తుడుచుకుంది. “నేను పైకెళ్లి తలుపు దగ్గర నిలబడి చెప్పాను అక్కా. ఆవిడ ఎక్కడికీ పోలేదు, రెండు రోజులకి ఊరు చూడ్డానికి వెళ్లింది, ఆదివారం వచ్చేస్తుంది అని. నా యాస వాటికి అర్థం కాలేదో ఏమో.”

ఫోస్కా మెట్లెక్కింది. ఇంట్లో నేల ఆరిపోయింది. గోడ మీద మోకాలెత్తున ఉప్పు గీత. పూసల డబ్బాలు బోర్లాపడి, గాజుపూసలు గదులన్నిట్లో చెదిరి ఉన్నాయి, వెతికి వెతికి విసిరేసినట్టు. తలగడ మీద చేరెడు నాచు. ఆమె అది తీసి చేతిలో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. సాయంత్రం దాకా పారెయ్యలేదు.

తర్వాతి పోటు గురువారం. కుర్చీలెక్కించారు, తివాచీ చుట్టారు, ఆమె బూట్లేసుకుంది. సింకు కింద తడి కూడా కాలేదు. ఆ తర్వాతది సోమవారం. తుల్లియో నేల మీద బోర్లా పడుకుని పైపుకి చెవి ఆనించి విన్నాడు. పక్క వాటాలో టీవీ చప్పుడు తప్ప ఏమీ లేదు. షెఫాలీ మెట్ల మీద కనబడితే ఇదివరకటి ప్రశ్న అడగడం మానేసింది.

నవంబరు పదకొండు, సెయింట్ మార్టిన్ పండగ. గుర్రమెక్కిన సాధువు బొమ్మ బిస్కెట్ కొనుక్కొచ్చిన తుల్లియోకి, బల్ల మీద లాయరు కాగితం కనిపించింది. సంతకం పెట్టేసి ఉంది. ఒక్కో అక్షరం కుదురుగా, బడిపిల్ల రాసినట్టు.

“అత్తా, ఏం చేశావు?”

“పంపించెయ్యి.”

“ఆరేళ్లు పోరాడి...”

“పోరాడింది నువ్వు నాయనా. నేను ఎదురుచూశాను. నన్ను తలుచుకుని వచ్చేవాళ్లొకరు ఉన్నారని ఎదురుచూశాను.” ఆమె పూసల పళ్లెం ఒళ్లో పెట్టుకుంది కానీ సూదులు విప్పలేదు. “వాళ్లొచ్చిన రోజు నేను ఇంట్లో లేను. ఊరు చూడ్డానికి పోయాను, టికెట్ కొనుక్కుని. ఇంక నాది మెస్త్రే. పంపించెయ్యి.”

తుల్లియో కాగితం జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. పోస్టాఫీసు దాటిపోయాడు. లాయరుకి వాడు ఇదివరకు రాసిన ఉత్తరాలు పదకొండు. ప్రతిదాంట్లో ‘నగరం అమ్మకానికి లేదు’ అని ఉండేది. దేనికీ జవాబు లేదు. ఆ లాయరు ఏమంటాడో వాడికి తెలుసు. తెలియనిది ఇంకొకరి మాట.

ఆ సాయంత్రం పొద్దుండగానే, మెస్త్రే చివర నేల అయిపోయి ఉప్పునీళ్లు మొదలయ్యే చోట గట్టు మీద నిలబడ్డాడు. దూరంగా గంటస్తంభం పుల్లలా కనబడుతోంది. దారిలో కూర్చుని రాసిన పన్నెండో ఉత్తరం జేబులోంచి తీసి, ఊరేగింపుల్లో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో, నీళ్లకి వినబడేలా చదివాడు. నినాదం ఒక్కటీ లేని ఉత్తరం వాడు రాయడం అదే మొదలు.

“అయ్యా, మా అత్త ఫోస్కా మిమ్మల్ని వదిలి వెళ్లలేదు. మీ కోసమే వెళ్లింది. మీరు వస్తారని మీ పెద్ద పోటు రోజే చూసుకుని, బూట్లేసుకుని, పాత గుమ్మంలో మూడు గంటలు కూర్చుంది. అదే వేళకి మీరు మా ఇంట్లో ఆమెని వెతికారు. తప్పు ఆమెది కాదు, మీది కాదు. పట్టికలో మాకు తోచని తప్పు అది. ఆమె సంతకం పెట్టింది. కాగితం నా దగ్గరే ఉంది, ఇంకా పంపలేదు. చిరునామా మారలేదు: నాలుగో అంతస్తు, ఎడమవైపు తలుపు, వంటింట్లో సింకు కింద. చీలమండ దాకా అక్కర్లేదు, నేల తడిస్తే చాలు. ఆమె బూట్లు తలుపు పక్కనే ఉంచుతాను. నాకు మీ జవాబు పట్టికలో తర్వాతి పెద్ద పోటు రోజైన నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు లోపు కావాలి.”