తొట్టికి రంగా, పూతా?

వడ్రంగి కొన్న పాత ట్రక్కు వెనక తొట్టిలో రంగు పెచ్చులుగా ఊడిపోయింది. మళ్లీ రంగు వేయించాలా, లేక పైపుతో చిమ్మే మందపాటి రబ్బరు పూత పెట్టించాలా అన్నది మూడు వారాలుగా తేలలేదు. రంగైతే చవక, గీత పడితే తనే దిద్దుకోవచ్చు. పూత మీద అతను చేసి తీసుకెళ్లే బీరువాలు జారవు. జారకపోతే వాటిని లోపలికి నెట్టడం ఎలా? పొద్దున పూత అనుకున్నవాడు మధ్యాహ్నానికి రంగు దగ్గరికి వచ్చేవాడు.

రంగులేసే బావమరిది "రంగే బావా" అన్నాడు. పూత షాపాయన "పూతే సార్" అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"ముందు తుప్పు గీకండి. అడుగున ఏముందో చూడకుండా పైన ఏది వేస్తే ఏంటి?" అంది భార్య.

ఇద్దరూ తీగ బ్రష్షులతో తొట్టిలోకి ఎక్కారు. ఓ మూల ఆమె నాలుగుసార్లు రుద్దేసరికి రేకు పొడిపొడిగా రాలి, చెయ్యి పట్టేంత కన్నం పడింది. కింద నేల కనిపించింది.

"పూత వేయించి ఉంటే ఇది కనపడేదే కాదు," అన్నాడతను. కన్నంలో చెయ్యి పెట్టి చూసి, "రంగు వేసినా కనపడేది కాదేమో," అన్నాడు.

"రంగైతే అడుగున తుప్పు పట్టగానే బుడగలు లేచి చెబుతుంది. వెల్డరుతో అతుకు వేయించి, రంగే వేయిద్దాం."

అతను తలూపాడు. వెల్డరు షాపు దారిలో మాత్రం మెల్లగా అడిగాడు. "మరి బీరువాలు జారితే?"

"తాడు కడదాం," అంది ఆమె.