ఆవలి ఒడ్డు

మంచు బాగా పడ్డాక, ఉన్నట్టుండి వెచ్చని వాన పట్టుకుంది. అమెరికాలోని రెయినియర్ కొండ పార్కులో పేరుకున్న మంచు కరిగి, వాననీటితో కలిసి నిస్క్వాలీ నదిలోకి దిగింది. మధ్యాహ్నానికి నది బురదరంగుకు తిరిగింది. అడుగున బండరాళ్లు దొర్లుతుంటే ఒడ్డునే ఉన్న ఓపల్ వంటింట్లో పళ్లేలు గలగలమన్నాయి.

ఆమె గట్టు మాత్రం చెక్కుచెదరలేదు. పోయిన వేసవిలో లారీలతో పెద్ద బండలు తెప్పించి పొడవునా పేర్పించింది. ఆ రోజు ఆవలి ఒడ్డున తన ఇంటి ముందు నిలబడి ఆమె స్నేహితురాలు వెర్నీస్, "ఏమే, నదిని నా మీదికి ఉసిగొల్పుతున్నావా?" అని అరిచింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఈ నది వెంట ఎవరి గట్టు వాళ్లు కాపాడుకోవడం మామూలే.

ఇప్పుడు ఆ బండలకు తగిలిన వరద విసురుగా మళ్లి ఆవలి ఒడ్డును కోస్తోంది. ఓపల్ చూస్తుండగానే వెర్నీస్ కట్టెల కొట్టం నీళ్లలోకి ఒరిగింది. వెంటనే ఆమెకు ఫోన్ చేసింది.

"ఇంకా ఇంట్లో ఏం చేస్తున్నావే?"

"పిల్లి మంచం కిందికి దూరింది. రానంటోంది."

"నీ పిల్లి మొహం! ముందు నువ్వు బయటపడు."

"అరవకే తల్లీ. పక్కింటి రాయ్ వ్యాను తెచ్చి ఇప్పటికే చెవులు చిల్లులు పడేలా హారన్ కొడుతున్నాడు. ఆఁ... తోక దొరికింది!"

వ్యాను మలుపు తిరిగేదాకా ఓపల్ కిటికీ వదల్లేదు. కాసేపటికి వెర్నీస్ వరండా కూలింది. ఆ వెనకే ఇల్లు.

సాయంత్రం వెర్నీస్ తలదాచుకున్న బడికి ఓపల్ మళ్లీ ఫోన్ చేసింది.

"వరదకు మూసిన వంతెన తెరవగానే నా దగ్గరికి వచ్చేయ్. పై గది ఖాళీగానే ఉంది."

"వద్దులే. పొద్దున లేస్తే నీ కిటికీలోంచి నా ఇల్లు ఉన్న చోటే కనబడుతుంది. చూడలేను. దూరంగా స్పోకేన్ ఊళ్లో చెల్లెలి దగ్గరికి పోతున్నా."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"దేనికి రావాలే?"

"ఆ బండలు..." అంది ఓపల్.

"ఉండనీ. ఇప్పుడు తీయిస్తే నీ ఇల్లు కూడా పోతుంది." వెర్నీస్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "రాయ్ పిలుస్తున్నాడు. ఉంటానే."

వెర్నీస్ ఫోన్ పెట్టేశాకే ఓపల్ నోట్లోంచి "క్షమించవే" అన్న మాట వచ్చింది. మళ్లీ చేద్దామని ఫోన్ ఎత్తింది. ఆ మాట వింటే వెర్నీస్ ఏమంటుందోనని భయపడి, అలాగే పట్టుకుని కూర్చుంది.