తలకిందులుగా నిలబెట్టిన ఆఖరి పేజీ

నేను ఒక చవక పలకను. పుస్తకాలు చదువుకునే ఎలక్ట్రానిక్ పలకను. పాటలు, ఆటలు, వీడియోలు నాకు రావు. నా జాతిలో గొప్పవాళ్లు ఉన్నారు. రంగులు చూపేవాళ్లు, నీళ్లలో పడ్డా బతికేవాళ్లు, మడిస్తే మడతపడేవాళ్లు. నేను ఆ బంతిలో కూర్చోలేదు. ఎక్కడో మిగిలిపోయిన తెరకు పాత బ్యాటరీ తగిలించి, సన్నటి ప్లాస్టిక్ చట్రంలో బిగించి, పెట్టె మీద మాత్రం 'అచ్చం కాగితమే' అని గొప్పగా అచ్చు వేశారు. కాగితం మీద అంత మోజుంటే కాగితమే కొనుక్కోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మనుషులను అలాంటి ప్రశ్నలు అడిగి ప్రయోజనం లేదు.

నా గురించి ఒక్క సంగతి చెప్పాలి. నా తెర లోపల నల్లపొడి, తెల్లపొడి ఉంటాయి. కరెంటు తగిలినప్పుడు ఆ పొడి కదిలి అక్షరాలవుతుంది. ఆ తర్వాత కరెంటుతో పని లేదు. బ్యాటరీ చచ్చినా, నడుము విరిగినా, ఆ సమయానికి నా ముఖం మీద ఏ మాట ఉందో అదే ఉండిపోతుంది. టీవీ చస్తే నల్లబడుతుంది. నేను చస్తే నోట్లో మాట నోట్లోనే నిలిచిపోతుంది.

అట్టపెట్టెలో హనుమకొండ చేరాను. నన్ను ఎవరూ కొనలేదు. వంశీధర్ అనే కుర్రాడికి కంపెనీవాళ్లు ఊరికే పంపారు. కొత్త వస్తువులను కెమెరా ముందు విప్పి, వాటి మంచిచెడ్డలు చెప్పడం అతని పని. పెట్టె మూత తీయకముందే "మైండ్ పోయింది ఫ్రెండ్స్" అన్నాడు. ఉన్నది పోయిందో, మొదటి నుంచీ లేదో నేను చెప్పలేను.

నాలో చూపించడానికి ఒక తెలుగు పుస్తకం కావలసి వచ్చింది. వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"అక్కా, ఏదన్నా తెలుగు బుక్ పేరు చెప్పు!"

గిన్నెల చప్పుడు మధ్య నుంచి వెంటనే ఒక పేరు వచ్చింది, ఎప్పటి నుంచో నాలుక మీదే ఉన్నట్టు. అదొక పాత సీరియల్ నవల. ఎవరో ఓపికగా టైపు చేసి ఉచితంగా పెట్టింది దొరికితే నాలోకి ఎక్కించాడు. నన్ను కెమెరా ముందు అటూ ఇటూ ఆడించి "తెలుగు ఫాంట్ అయితే నెక్స్ట్ లెవెల్" అన్నాడు. ఆ సమయంలో నా మీద ఒత్తులన్నీ ఊడి పక్కన పడి ఉన్నాయి. 'అమ్మ' అన్న మాట రెండు ముక్కలై ఒకదానికొకటి ఏమీ కానట్టు నిలబడింది. వంశీధర్‌కు అది కనిపించలేదు. నర్సరీ నుంచీ ఇంగ్లీషు మీడియం. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. లక్ష మంది తెలుగువాళ్లకు సలహాలిచ్చేవాడికి తెలుగు అక్షరాలు చీమల బారు.

అక్క సువర్ణ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇదేందిరా, అమ్మ అని రాయనీకి గూడ రాదా దీనికి?"

ఆమె పోరు పడలేక వేరే ఫాంట్ మార్చాడు. ఒత్తులు తమ చోటికి చేరుకున్నాయి. వీడియో మాత్రం అప్పటికే లోకంలోకి వెళ్లిపోయింది.

సువర్ణ సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. వంశీధర్‌ను కని తల్లి పోయినప్పుడు ఆమె తొమ్మిదో తరగతి చదువుతోంది. తమ్ముణ్ని చూసుకోవడానికి బడి మానేసింది. బడితో పాటు పక్కింటి నుంచి తెచ్చుకునే వారపత్రికా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆ సీరియల్లో తారక అనే అమ్మాయి, తనను చాకిరీకే ఉంచుకున్న ఇంటిని వదిలి, రేకు పెట్టెతో స్టేషనులో నిలబడి ఉంది. రైలు వచ్చి ఆగింది. తారక ఎక్కుతుందా, ఎక్కదా అన్నది వచ్చే వారం చెబుతామన్నారు. ఆ వచ్చే వారం సువర్ణకు రాలేదు. చంకలో పసివాడు, పొయ్యి మీద పాలు. అన్నేళ్లూ ఆమె మనసులో తారక ఆ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు ఆమె కళ్లు ఆరిపోతున్నాయి. లోపలి నరం ఎండిపోతోందని, చూపు ఇంకెన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పేశాడు. అచ్చు పుస్తకం అలికినట్టు కనిపిస్తుంది. ఫోను వెలుగు కళ్లను పొడుస్తుంది. నాకు సొంత వెలుగు లేదు. అదే నా పెద్ద లోపమని వంశీధర్ వీడియోలో మూతి విరిచాడు కూడా. ఆ లోపమే ఆమెకు పనికొచ్చింది. అక్షరాలను ఇక పెరగలేనంత పెద్దవి చేసుకుని, కిటికీ పక్కన కూర్చుని చదివేది. పేజీకి నాలుగు వరుసలు పడితే గొప్ప. ముక్కు నాకు ఆనించి, ఒక్కొక్క మాటా పెదవులతో కదిపేది. నా ముఖం నిండా ఆమె ఊపిరి తడి, పసుపు వేలిముద్రలు. మొదట నాకు ఒళ్లు మండేది. పోను పోను, పేజీ తిప్పే ఆ వేలి కోసం ఎదురుచూడటం అలవాటైంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆమె అంటే నాకు ఇష్టం ఏర్పడింది.

"ఆఖర్న ఏముందో డైరెక్ట్‌గ చూసుకోరాదక్కా?" అనేవాడు తమ్ముడు.

"ముందుగాల్నే ఆఖరు సూస్తే రుచి పోతదిరా."

అలా చదివీ చదివీ ఆఖరి భాగం దాకా వచ్చింది. తారక మళ్లీ స్టేషనులో నిలబడింది. రైలు వచ్చి ఆగింది. సువర్ణ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏడుపు కాదు, అలసట. "రేపు పొద్దున నిమ్మళంగ సదువుత" అని తనలో తాను అనుకుని, నన్ను బట్టల మడతల మధ్య దాచింది.

పొద్దున వంశీధర్ వచ్చి నన్ను బయటికి లాగాడు. నా మొదటి వీడియోను ఎవరూ చూడలేదు. ఒక వస్తువు బాగా పనిచేస్తుందంటే ఎవరికి కావాలి? విరుగుతుందంటే జనం పనులు మానుకుని చూస్తారు.

"తమ్మీ, ఇంకొక్క పూట ఉండనియ్యిరా. ఒక్కటే భాగం మిగిలింది."

"గంట పని అక్కా. షూట్ కాంగనే నీ చేతిల పెడ్త."

"దానికేం గాదు గదా?"

"ఏమైతది? చూపిస్త, అంతే."

అబద్ధం చెప్పేటప్పుడు కూడా అతని గొంతు వీడియోలో ఉన్నట్టే హుషారుగా ఉంటుంది. ముందు నా వేగం చూపించడానికి టపటపా పేజీలు తిప్పాడు. సువర్ణ దాచుకున్న పేజీలన్నీ ఒక్క ఊపులో దొర్లిపోయి, చిట్టచివరిది వచ్చి ఆగింది. దాని మీద నాలుగే వరుసలు ఉన్నాయి. తారక ఎక్కింది. రైలు కదిలింది. ఆమె వెనక్కి చూడలేదు.

తర్వాత తాళంచెవితో గీశాడు. నేలకేసి కొట్టాడు. అయినా నేను బతికే ఉండటం అతనికి నచ్చలేదు. రెండు చేతులతో పట్టుకుని, మోకాలికి ఆనించి వంచాడు. నాలో ఏదో 'టక్'మంది. "అబ్బో, సౌండ్ విన్నరా ఫ్రెండ్స్!" అన్నాడు. పై మూడు వరుసలనూ నల్లచారలు మింగేశాయి. అడుగున 'చూడలేదు' అన్న ఒక్క మాట మిగిలింది.

"అయిందారా?" అంటూ సువర్ణ చేయి చాపుకుని వచ్చింది. అతను కెమెరాను ఆమె వైపు తిప్పి మరీ నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలు పగులు మీద నడిచింది, చివరి దాకా వెళ్లి ఆగింది.

"ఒక్కటే భాగం ఉండెరా" అంది.

ఆ ముఖాన్నీ ఆ మాటనూ అతను రెండుసార్లు చూపించి, వెనక ఏడుపు పాట పెట్టాడు. ఆ వీడియోను మాత్రం లోకమంతా చూసింది. నవ్వే బొమ్మలు గుట్టలుగా పడ్డాయి. నాకు అతని మీద పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

సాయంత్రం సువర్ణ బతిమాలింది. "నీ ఫోన్ల గూడ ఉన్నదిగద ఆ పుస్తకం. ఆఖరి పేజీ సదివి చెప్పు. తారక రైలెక్కిందా?"

అతను ఫోను తెరిచి ఆఖరి పేజీ తీశాడు. చాలాసేపు చూశాడు. 'ర'ను గుర్తుపట్టాడనుకుంటా, పెదవులు కదిలాయి. నాకు రాదు అంటే రెండు మాటలతో అయిపోయేది. తనకు రానిది ఉందని చెప్పుకునే అలవాటు అతనికి లేదు.

"ఎక్కలేదక్కా."

"మల్ల?"

"ఇంటికే తిరిగొచ్చింది. అందరు మంచిగ చూసుకున్నరు. హ్యాపీ ఎండింగ్."

సువర్ణ "గంతేనా?" అంది. మళ్లీ తనే, "మంచిదే తియ్యి. పోయి ఏం జేస్తుండె పాపం" అంది. తర్వాత రాత్రికి చపాతీలు చేయాలా, అన్నం వండాలా అని అడిగింది. పక్కనే బల్ల మీద పడి ఉన్న నాకు నిజం తెలుసు. నాకు నోరు లేదు, ఉన్న ముఖమూ విరిగింది.

అతను నన్ను పారేయలేదు. పేరు తెచ్చిన వస్తువునని తన వెనక అరలో, అందరికీ కనిపించేలా నిలబెట్టాడు. తలకిందులుగా నిలబెట్టాడు. ఒక పెద్దాయన మాత్రం "బాబూ, నీ వెనక ఉన్నది తిరగబడి ఉంది, సరిచెయ్యి" అని వీడియో కింద రాశాడు. రాసింది తెలుగులో కాబట్టి వంశీధర్ దానికి ఒక ఎర్రటి గుండె బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

నా పక్కకు రంగుల పలకలు వచ్చాయి, మడత పలకలు వచ్చాయి, పోయాయి. 'కళ్లకు హాయి' అని రాసి ఉన్న ఒకదాన్ని వెలిగించి అక్క ముందు పెట్టి, "దీంట్ల చదువుకో అక్కా, సూపరున్నది" అన్నాడు.

"యేది?" అంది సువర్ణ, దాని పక్కన గోడ వైపు చూస్తూ.

చివరికి అర నిండిపోయింది. పాత సామాన్లవాడు గేటు దగ్గర కేక వేస్తే, సువర్ణ తడుముకుంటూ సంచి పట్టుకెళ్లింది. అన్నిటికంటే పైన నేనున్నాను. వాడు నన్ను తీసి, ఇన్నాళ్లకు తిన్నగా తిప్పి పట్టుకున్నాడు.

"ఇదేందమ్మా, పలకనా? ఏదో రాసున్నది."

"ఏం రాసున్నది?"

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. వాడు కూడబలుక్కుని చదివాడు.

"చూ... డ... లేదు. చూడలేదు అని ఉన్నదమ్మా."

సువర్ణ నవ్వింది. "అవునయ్యా, నేనే సూడలే. ఆఖరి పేజీ దాంట్లనే ఉండె. మా తమ్ముడు సదివి చెప్పిండు, పాపం."

పాపం అన్నది తమ్ముణ్ని. వాడు నన్ను గోనెసంచిలోకి విసిరాడు. ఆమె గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ కాలితో వెతుక్కుంటూ, తిరిగి ఇంట్లోకి వెళ్లింది.

ఇప్పుడు కాజీపేటలో రైలు పట్టాల పక్కన, విరిగిన కుక్కర్ల గుట్టలో వెల్లకిలా పడి ఉన్నాను. రైళ్లు వస్తాయి, కాసేపు ఆగుతాయి, కదిలి వెళతాయి. వానకు తడిసినా, ఎండకు ఎండినా నా ముఖం మీది మాట చెరగలేదు.