మూడో ఖానా కింద మట్టిగూళ్లు

“కోవెల సార్! వంతెన కిందుందండి. తీయించకండి!”

వంతెన మరమ్మతు గురించి ఫోన్ చేసిన ఇంజనీరు శ్రీరామ్‌కి లస్కరు మాటల్లో వినబడింది అంతే. కాలువ వంతెన కింద కోవెల వెలిస్తే ఇంకేమైనా ఉందా! మర్నాడు మేస్త్రీ అంకయ్యతో సహా ప్రత్తిపాడు నుంచి జీపులో దిగాడు. జీపుకంటే ముందు కబురు దిగింది. టీచరు రాజరాజేశ్వరి కొబ్బరికాయతో వచ్చింది. చర్చి పెద్ద తోమా కోపంతో వచ్చాడు.

“ఏరా ప్రేమదాసూ, ప్రార్థన చేసే చేత్తో గుడి కట్టావంటగా?”

ప్రేమదాసు కాలువ కాపలా చూసే లస్కరు. భార్య జయకుమారి పోయి ఏడాదైంది. అప్పటినుంచి ఆయన్ని పలకరించేవాళ్లు లేరు. ఒక్కసారి ఇంతమంది వచ్చేసరికి, ఉన్న ఒక్క మంచం ఎవరికి వాల్చాలో తోచలేదు.

“ఏదయ్యా గుడి?” అన్నాడు శ్రీరామ్.

ప్రేమదాసు ఎండిన కాలువలోకి దిగి, వంతెన మూడో ఖానా కప్పు చూపించాడు. ఒకదానికొకటి అతుక్కుని నూరు మట్టిగూళ్లు, మూతి సాగిన చిన్న ముంతల్లా. గోధుమరంగు తలల పిట్టలు పురుగులు పట్టుకుని దూసుకొస్తుంటే, మూతుల్లోంచి పిల్లలు నోళ్లు తెరుస్తున్నాయి.

“ముక్కుతో ఒక్కో బురద ఉండ తెచ్చి అతికిస్తాయండి. కాలువకి నీళ్లు కట్టేశాక బురదేదీ? రేగడంతా నెర్రెలిచ్చింది. మా ఆవిడ రోజూ రెండు బిందెలు పోసి కాస్త నేల తడిపి ఉంచేది. ఇప్పుడు నేను పోస్తున్నా.”

“గోకితే గంట పని సార్,” అన్నాడు అంకయ్య, చేతిలో పార సర్దుకుంటూ.

“పిల్లలకి ఈకలొచ్చాయండి. పది రోజులాగితే అవే ఎగిరిపోతాయి,” అన్నాడు ప్రేమదాసు. ఆ తర్వాత తన రోజులెలా గడుస్తాయో మాత్రం అనలేదు.

శ్రీరామ్ మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాడు. “ముందు మిగతా ఖానాలకి సిమెంటు పట్టించు అంకయ్యా. ఇది ఆఖర్న చేద్దాం.”

“మరి కోవెల?” టీచరు కొబ్బరికాయ చంక మార్చింది.

“గుడి కాదు మేడమ్. ఈ పిట్టలే. మా బైబిల్లో వీటిని వానకోవెలలంటారు,” అన్నాడు ప్రేమదాసు.

“ఓరి నీ... వానకోవెలా!” తోమా నెత్తి కొట్టుకున్నాడు.

“నాకు వాన వినబడలేదే!” అన్నాడు శ్రీరామ్.

“అప్పటికి నాలుగు రోజులైందండి, నేను మనిషితో మాట్లాడి. ఫోనెత్తగానే గొంతు పెగల్లేదు. మొదటి ముక్క లోపలే ఉండిపోయింది.”

నవ్వబోయిన తోమా ఆగిపోయాడు. ప్రేమదాసు గొంతు సవరించుకుని, వంతెన మీద గుమిగూడినవాళ్లకి కూడా వినబడేలా చెప్పాడు:

“వానకోవెల!”