దొర బొమ్మ చూసి కట్టించిన కమాను

నేను ఒక కమానును. బందరు టౌన్‌హాలు గుమ్మం మీద గుర్రపు నాడాలా వంగి నిలబడ్డాను. నిలబడ్డానని చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. పైకప్పును మోసేది నా వెనకున్న ఇనప దూలం. నాది ఇటుక మీద సున్నపు పూత, ఎర్ర చారలు, అంతే.

నన్ను కట్టించిన దొర స్పెయిన్ దేశం ఎన్నడూ చూడలేదు. అక్కడ అరబ్బులు కట్టిన కోటల బొమ్మలు ఏదో పుస్తకంలో చూశాడు. ఇక్కడి సాయిబుల కట్టడాలూ ఇలాగే ఉంటాయని తీర్మానించేశాడు. వెనక సందు దాకా నడిచి చూస్తే ఆయన సొమ్మేం పోయేది? జనం మాత్రం “అచ్చం నవాబుల నాటిదే” అని నోళ్లు వెళ్లబెట్టారు. నేనూ పొంగిపోయాను, దాపరికమెందుకు.

ఆ వెనక సందులో చిన్న మసీదుంది. దాని కమాను మొనతేలిన మామూలు రాతిది, నగిషీ లేదు. కప్పు బరువంతా అదే మోసేది. దాన్ని కట్టించినాయన మునిమనవడు జమాలుద్దీనే ఇప్పుడు మసీదు మంచీ చెడ్డా చూస్తున్నాడు. ఒకరోజు మేస్త్రీ పోలయ్యను వెంటబెట్టుకొచ్చి నన్ను చూపించాడు.

“మసీదు కమానంటే ఇలా ఉండాలయ్యా. మాది చూస్తే ధాన్యం కొట్టులా ఉంది.”

“పాతది గట్టిగానే ఉంది కదండీ.”

“ఉంటే ఉంది. నలుగురిలో సిగ్గుగా ఉందయ్యా. కొట్టేయ్.”

వద్దు బాబూ అని అరవాలనిపించింది. నోరుంటేగా!

సమ్మెట దెబ్బలు నా దాకా వినిపించాయి. పాతది ఓ పట్టాన ఊడిరాలేదట. దాని చోట నా పోలికతో కొత్తది లేచింది. అది బరువు ఆపదని పోలయ్య వెనక దూలం వేయించాడు. టౌన్‌హాలు వాళ్లంత పనితనం మనకెక్కడిదని జమాలుద్దీన్ సర్దుకున్నాడు. రంజాన్ నాడు వచ్చినవాళ్లంతా “ఇప్పుడు పాతకాలం మసీదులా ఉంది” అని మెచ్చుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ ఏడే తుఫాను పట్టింది. వాన తగ్గేదాకా ఆగుదామని జమాలుద్దీన్ నా కిందికొచ్చి నిలబడ్డాడు. ఆయన చూస్తుండగానే నా పూత పెళ్లలు పెళ్లలుగా ఊడి పడింది. తుప్పు పట్టిన దూలం బయటపడింది.

ఆయన తలెత్తి చాలాసేపు చూశాడు.

“నీకూ దూలమేనా?” అన్నాడు మెల్లగా. “నిన్ను చూసేనా, మా ముత్తాత కట్టించినదాన్ని కొట్టించాను?”

వాన ఇంకా దంచుతూనే ఉంది. జమాలుద్దీన్ మాత్రం నా కింద నిలవలేక తడుస్తూ వెళ్లిపోయాడు.