పన్నెండు తీగలు మోసిన ఎముక

నేను ఒక ఎముక ముక్కను. పొడవు మూడంగుళాలు, మందం మీ చిటికెన వేలి గోరులో సగం ఉంటుందేమో. అడుగు నున్నగా ఉంటుంది. పైఅంచు మాత్రం ముందుకీ వెనక్కీ అడ్డదిడ్డంగా నడుస్తుంది. తెలియనివాళ్ళు చూస్తే విరిగిన దువ్వెన అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేమీ కోపం లేదు. పన్నెండు తీగల గిటారు మీద, ఆ తీగలన్నీ వచ్చి ఆనుకునే చోట తొమ్మిదేళ్ళు నిలబడ్డాను. గిటారు వాళ్ళు నన్ను శాడిల్ అంటారు, అంటే జీను. జీను ఎక్కిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు దిగుతాడు. నా మీద ఎక్కిన తీగలు దిగేవి కావు. ఇప్పుడు ఒక పాత కళ్ళజోడు పెట్టెలో తీరిగ్గా పడుకుని ఉన్నాను. ఆ బరువు లేదు. నిజం చెబుతున్నాను, ఆ బరువు కోసమే నాకు బెంగగా ఉంది.

నా మొదలు ఒక దున్నపోతు కాలు. బొబ్బిలి దగ్గర వీణలు చేసే గవరయ్య నన్ను కొని తెచ్చి, ఉడకబెట్టి, ఎండబెట్టి, రంపంతో పలకలుగా కోసి బిస్కెట్ల డబ్బాలో వేశాడు. ఆ డబ్బాలో పదకొండేళ్ళు ఉన్నాను. వీణ మెడకు లతలు, పువ్వులు చెక్కి పొదగడానికి ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినే తీసేవాడు. నా తోటివాళ్ళు లతలై, హంసలై పట్నాలకు వెళ్ళిపోయారు. నాకు అడ్డంగా సన్నని గోధుమరంగు గీత ఉండటంవల్ల చెయ్యి నా దాకా వచ్చి పక్కదాన్ని పట్టుకునేది. మనుషులు పెళ్ళిచూపుల్లో ఏం చేస్తారో నాకు డబ్బాలోనే అర్థమైంది.

గవరయ్యకు అప్పటికి అరవై దాటాయి. ఆ వీణలవాళ్ళ వీధిలో మేళం కట్టడంలో, అంటే వీణ మీద మైనం పోసి దానిలో మెట్లు కూర్చడంలో, ఆయన చెవికి పేరుండేది. మైనం మెత్తగా ఉండగానే తీగ మీటి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, స్వరం కుదిరాక వదిలేవాడు. చుట్టూ ఇరవై ఉలులు టకటకమంటూ ఉంటే స్వరం ఎలా వినపడుతుందీ అంటే, దానికి ఆయనకో పద్ధతి ఉంది. దవడను వీణ కుండకు ఆనించి, కళ్ళు మూసుకుని మీటేవాడు. చెవి లోకమంతా వింటుందిట, ఎముక మాత్రం ముట్టుకున్నదాన్నే వింటుందిట. ఆ మాట విన్నరోజు డబ్బాలో నేను కాస్త గర్వపడ్డాను.

ఒక వానాకాలం ఉదయం సాలూరు బస్సు దిగి రిబ్కా టీచరు ఆ వీధికి వచ్చింది. చర్చి బళ్ళో లెక్కలు చెప్పేది, ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేది. యాభై రెండేళ్ళ మనిషి. నల్లటి సంచిలోంచి గిటారు తీసి అరుగు మీద పెట్టింది. దాని పొట్ట మీద లారీ రంగుతో వేసిన పసుప్పచ్చ పిట్ట ఉంది. ఆ పిట్టను వేసింది ఆమె భర్త దానియేలు. సాలూరులో లారీలకు బొమ్మలు వేసేవాడు. ఒక డ్రైవరు కలకత్తా నుంచి తెచ్చి అమ్మబోతే, పెళ్ళైన మొదటి ఏడాది భార్య కోసం ఆ గిటారు కొన్నాడు. దానియేలు చనిపోయి నాలుగేళ్ళయింది.

ఆమె చెప్పుకున్నది ఇది. దానియేలు ఒక కీర్తనకు బాణీ కట్టాడు. చరణంలో ఆ బాణీ మెట్టుమెట్టుగా పైకెక్కి పన్నెండో మెట్టు దగ్గర నిలబడాలి. అక్కడికి వెళ్ళేసరికి గిటారు ఎప్పుడూ అపశ్రుతి పలికేది. దాని పన్నెండు తీగలూ ఆరు జతలు; జతలో లావు తీగ ఒక స్వరం, సన్న తీగ మరో స్వరం అంటూ కొట్టుకునేవి. అందుకని ఇరవై ఏళ్ళు ఆ మెట్టు ముందే చెయ్యి ఆపేసి, మిగతాది దానియేలు నోటితో పాడేసేవాడు. "మనకి పరలోకం ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది రిబ్కా" అని నవ్వేవాడట. ఇప్పుడు ఆ పాడే నోరు లేదు. పైగా ఆమెకు చెవులు మూసుకుపోతున్నాయి. లోపలి చిన్న ఎముక బిగుసుకుపోయిందన్నారు విశాఖపట్నంలో డాక్టర్లు. ఒక చెవికి ఆపరేషను చేసినా ఫలితం లేకపోయింది. రెండోది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు.

"ఒక్కసారి గవరయ్య గారూ. ఆ బాణీ చివరిదాకా సరిగ్గా పలకడం ఒక్కసారి వినాలి. విశాఖలో అడిగితే పన్నెండు తీగలవి అంతేనమ్మా, కొత్తది కొనుక్కోమన్నారు. కొత్తదాని మీద మా ఆయన పిట్ట ఉండదు కదండీ!"

గవరయ్య గిటారును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటి టీచరమ్మా ఇది, మెట్లు కర్రలోకి దిగ్గొట్టీసినారు! మైనం ఉంటే సిటికెలో జరిపీసుందును. ఇవి కదిలితే కదా?" అన్నాడు. మీటాడు, నొక్కాడు, మళ్ళీ మీటాడు. చివరికి వేలు తీగలు ఆనుకునే అడుగు చోటికి వచ్చి ఆగింది. అక్కడ అప్పటికి తిన్నగా ఉన్న ప్లాస్టిక్ పలక ఒకటి ఉంది. మెట్లు కదలకపోతే తీగ మొదలే కదపాలి. లావు తీగ పైమెట్ల మీద నొక్కితే స్వరం ఎక్కువ ఎక్కుతుంది, కాబట్టి దాని ఆనిక కాస్త వెనక్కి పోవాలి. సన్నదానికి అంత అక్కర్లేదు. చాలా జతల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. అందుకే పలక అంచు తిన్నగా ఉండకూడదు. "నెల్రోజులు ఇయ్యి తల్లీ" అన్నాడు. ఆవిడ బస్సెక్కింది.

ఆ నెలలో తయారైంది నేను కాదు, నా అన్న. డబ్బాలో నా పైనుండే తెల్లటి పలక. గీతలూ మచ్చలూ లేనివాడు. గవరయ్య బ్రిడ్జిలో, అంటే గిటారు పొట్టకు అతికించిన చెక్కపట్టీలో, గాడి వెడల్పు చేసి, వాణ్ణి దానిలో దించి, ఆకురాయితో ఒక్కో తీగకూ ఒక్కో చోట అంచు తీశాడు. తీగను పన్నెండో మెట్టు మీద నొక్కి మీటడం, ఆ స్వరం నొక్కని ఉత్త తీగకు సరిగ్గా పై స్థాయిలో ఉందో లేదో వినడం, తీగ విప్పడం, రెండు గీతలు ఆకురాయి, మళ్ళీ బిగించడం. పన్నెండు తీగలకూ ఇదే పని. అన్న అద్భుతంగా పలికాడు. గవరయ్య ఇంట్లో వాళ్ళను కూడా పిలిచి వినిపించాడు.

టీచరు వచ్చి వాయించింది. పన్నెండో మెట్టు మీద స్వరం దిగిపోయింది. గవరయ్య లాక్కుని వాయిస్తే సరిగ్గా ఉంది. ఆమె వాయిస్తే మళ్ళీ కిందికి. అరుగు మీద ఇద్దరూ గిటారును చేతులు మార్చుకుంటూ పావుగంట కూర్చున్నారు. గిటారుకు ఆడా మగా తేడా తెలుస్తుందా అని ఎదురింటి వాళ్ళు నవ్వారు కూడా. అప్పుడు గవరయ్య ఆమె వేళ్ళ వంక చూసి నెత్తి కొట్టుకున్నాడు.

ఆయనది వీణ చెయ్యి. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగను లోతుగా అదిమితేనే గమకం పలుకుతుంది. నలభై ఏళ్ళ ఆ అలవాటుతో గిటారు తీగను కూడా అదిమేశాడు. అదిమితే స్వరం ఎక్కుతుంది, ఎక్కిందని ఆనికను మరీ వెనక్కి అరగదీశాడు. ఆవిడేమో పువ్వును పట్టుకున్నంత మెల్లగా నొక్కుతుంది. గిటారు మేస్త్రీ ఎవరూ చెయ్యని తప్పు అది. తీసిన ఎముకను తిరిగి అతికించడం దేవుడి వల్ల కూడా కాదు. "తప్పు నాదే తల్లీ. నా సెయ్యికి సేసినాను, నీ సెయ్యికి సెయ్యలేదు" అన్నాడు. అన్న మళ్ళీ డబ్బాలోకి వెళ్ళాడు. ఈసారి గీత ఉన్నా సరే అని నన్ను బయటికి తీశాడు.

అప్పటినుంచి శనివారం మధ్యాహ్నాలు ఆమే వచ్చేది. ఆమె నొక్కేది, ఆయన మీటి వినేవాడు. ఆయన చెవి, ఆమె వేలు, మధ్యలో నేను. ఆకురాయి నా మీద పడినప్పుడు నొప్పి లేదంటే అబద్ధం. కానీ పదకొండేళ్ళు ఎవరికీ అక్కర్లేకుండా పడున్న నన్ను ఇద్దరు మనుషులు ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఇంకొంచెం అరగదీయండి అనిపించేది. ఒక శనివారం రెండు తీగలు అయ్యేవి, మరో శనివారం ఒకటే. ఒకసారి సన్న తీగ తెగి, విశాఖ నుంచి కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. వేగావతి నది పొంగి రెండు వారాలు బస్సు రాలేదు. దసరా వెళ్ళిపోయింది. ఆమె మొదట్లో గవరయ్య మామూలుగా మాట్లాడితే జవాబు చెప్పేది. కార్తీకం వచ్చేసరికి ఆయన నోటి వంక చూడటం మొదలుపెట్టింది. అది నేను చూశాను. ఆయనా చూశాడనుకుంటాను.

చివరి శనివారం నా అంచు పూర్తయింది. గవరయ్య నన్ను గాడిలో కూర్చోబెట్టి పదకొండు తీగలు శ్రుతి చేశాడు. పన్నెండోది మూడో జతలో సన్నది, దాన్ని బిగించే బిరడా కాస్త జారుతోంది. దానికి సుద్ద రాద్దామని లేచి లోపలికి వెళ్ళాడు. ఆలోగా ఆమె ఆగలేక గిటారు ఒళ్ళోకి తీసుకుంది. దానియేలు బాణీ ఎత్తుకుంది. వేళ్ళు మెల్లగా మెట్లెక్కి పన్నెండో దాని మీద నిలబడ్డాయి. జారిన ఆ సన్న తీగ ఎంత ఘోరంగా పలికిందంటే వీధి చివర ఉలి ఆగింది.

"బాగుంది గవరయ్య గారూ! చాలా బాగా కుదిరింది" అందామె నవ్వుతూ.

ఆయన సుద్ద ముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఏమీ వినపడలేదు పాపం. ఇన్నాళ్ళు పనిచేసిన ముసలాయన నొచ్చుకోకూడదని బాగుందంది. నాకు ఆ క్షణంలో తిరిగి డబ్బాలోకి పోవాలనిపించింది. నా అన్న పాడవ్వకుండా ఉంటే, తీగ కోసం, బస్సు కోసం ఆ అయిదు వారాలు వృథా కాకుండా ఉంటే, ఆమె చెవి నన్ను అందుకునేదేమో. ఆలస్యానికి అంచు తీసే ఆకురాయి ఎవరి దగ్గరా లేదు.

గవరయ్య ఆ తీగ గురించి ఒక్క మాట అనలేదు. వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తన దవడ మీద వేలు పెట్టి చూపించాడు, తర్వాత గిటారు భుజం చూపించాడు. "ఇలగ ఆనించు తల్లీ. గట్టిగా. సెవి సంగతి మరిసిపో" అన్నాడు పెదవులు బాగా కదిలిస్తూ.

ఆమె వంగి పిట్ట బొమ్మకు పైన, గిటారు భుజానికి దవడ ఆనించింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. తీగల వణుకు నాలోంచి చెక్కలోకి, చెక్కలోంచి ఆమె ఎముకలోకి వెళ్ళింది. వేళ్ళు మెట్లెక్కాయి. పన్నెండో మెట్టు దగ్గర ఆమె ముఖం ఒక్కసారి చిట్లించుకుంది.

"అయ్యో, తప్పండీ! మూడో జతలో సన్నది దిగిపోయింది!" అని గట్టిగా అరిచింది. అరిచి, తాను ఏమందో తనకే తెలిసి, చేత్తో నోరు మూసుకుంది.

అపశ్రుతి విని అంత సంతోషపడి ఏడ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. గవరయ్య కూడా ఏడ్చాడు, కానీ సుద్ద కళ్ళలో పడిందన్నాడు. బిరడాకు సుద్ద రాసి, తీగ శ్రుతి చేసి, "ఇప్పుడు వాయించు" అన్నాడు. వాయించింది. లావూ సన్నమూ ఒకే స్వరమై పన్నెండో మెట్టు మీద నిలబడ్డాయి. దానియేలు నోటితో పాడేసే ఆ చివరి ముక్కను మొదటిసారి తీగలు పాడాయి. ఆమె దవడ తియ్యకుండా దాన్నే నాలుగుసార్లు వాయించింది.

తర్వాత తొమ్మిదేళ్ళు ప్రతి ఆదివారం అలాగే వాయించింది. తల వంచి గిటారుకు ఆనించడం చూసి టీచరు ప్రార్థనలో ఉందని చర్చిలో అందరూ నిశ్శబ్దంగా ఉండేవారు. మనుషులు తమకు తెలిసిన అర్థమే చెప్పుకుంటారు. ఆ నిశ్శబ్దం మాకు బాగా పనికొచ్చింది. కానీ పన్నెండు తీగల లాగుడు తక్కువదేం కాదు. చెక్క మెల్లగా పొట్ట ఎత్తుకుని, ఒక వేసవిలో బ్రిడ్జి ఊడి లేచొచ్చింది. పిట్ట రెండుగా చీలింది. అప్పటికి గవరయ్య లేడు. ఇంకెవరికీ ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. గిటారును బీరువా పక్కన నిలబెట్టి, నన్ను గాడిలోంచి తీసి దానియేలు కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది.

ఇప్పుడు ఆమెకు రెండు చెవులూ వినపడవు. ఒక్కో సాయంత్రం కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని పెట్టె తెరుస్తుంది. గోటితో నా అంచు మీద లావు, సన్నం, లావు, సన్నం అని తడుముకుంటూ వెళ్తుంది. తర్వాత నన్ను తీసి దవడకు ఆనించుకుంటుంది. నా మీద తీగల్లేవు, నా దగ్గర ఆమెకు ఇవ్వడానికి ఏమీ లేదు. ఆమె ఎడమచేతి వేళ్ళు గాలిలో మెట్లెక్కుతాయి. పన్నెండో మెట్టు దాకా వస్తాయి. అక్కడ ఆగవు.