బాంబులు పేలే ఊళ్లో సమ్మక్క పాట

నేను ఒక రికార్డు ప్లేయర్‌ని. తిరిగే పళ్లెం, ముల్లును మోసే సన్నని చెయ్యి, అంతే నా ఒళ్లు. హైదరాబాదులో ఒక హోటలు గల్లాపెట్టె పక్కన కొన్నేళ్లు పాడాను. ఆ యజమాని టేపు రికార్డరు కొనగానే నన్ను అమ్మేశాడు. అలా బొగ్గుగనుల ఊళ్లో భూమయ్య సారు ఇంటికి చేరాను. భయమంటే ఏమిటో అక్కడే తెలిసింది.

ఊరి పక్కనే ఓపెన్‌కాస్టు గని, నేల పైనుంచే బొగ్గు తవ్వేది. అక్కడ బాంబులు పేలిస్తే ఇల్లంతా అదిరేది. గిన్నెలు అదిరితే చప్పుడే. నేను అదిరితే ముల్లు ఎగిరి రికార్డును గీరేస్తుంది.

సారు దగ్గర ఉన్న ఒక రికార్డుకు రెండో ప్రతి లేదు. అది ఆయన భార్య సమ్మక్క పెళ్లయిన కొత్తలో స్టూడియోలో పాడి, ఒక్క ప్రతే చేయించుకున్న జోలపాట. తర్వాత ఆమెకు గొంతులో పుండు లేచింది. ఆపరేషనుతో ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆ పాట నా మీద తిరుగుతున్నంతసేపూ నాకు గుండె దడే. ఒక పేలుడుకు అప్పటికే గీత పడింది. ఆ రోజు నుంచి సారు దాన్ని బీరువాలో దాచేశాడు.

గనిలో పనిచేసే సమ్మక్క తమ్ముడు ఓదెలు అన్నాడు: “బాంబులు కొట్టినంక పెట్టుకోరాదు బావా?”

“ఇప్పుడు టైముకు కొడ్తలేరు గద ఓదెలూ.”

సారు నా కింద స్పాంజి పరిచాడు. అది మరీ మెత్తన. మనిషి పక్కనుంచి నడిచినా పడవలా ఊగిపోయాను. నా భయం రెట్టింపైంది.

సమ్మక్క అదంతా చూసింది. స్పాంజి తీసేసి, చిన్న సైకిలు ట్యూబులో కొంచెమే గాలి నింపి బల్లమీద పెట్టింది. దానిమీద బరువైన షాబాదు బండ, బండమీద నేను. తర్వాత బీరువా తెరిచి రికార్డు తెచ్చింది.

“వద్దు,” అన్నాడు సారు. ఆమె వినలేదు.

పాట సగంలో గనిలో బాంబు పేలింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ముల్లు ఎత్తబోయిన సారు చేతిని ఆమె పట్టుకుంది. నేను కళ్లు లేకున్నా కళ్లు మూసుకున్నాను. అదురు బండ దాకా వచ్చి అక్కడే మెత్తబడింది. ముల్లు గాడి తప్పలేదు. పాట సాగింది.

“అక్క నన్ను ఈ గొంతుతోనే పండవెట్టేది బావా,” అన్నాడు పక్కనే కూర్చున్న ఓదెలు, తల ఎత్తకుండా.

పాట ముగిశాక సమ్మక్క తన చేత్తోనే ముల్లును మళ్లీ మొదటికి చేర్చింది. ఆమె వేళ్లు వణికాయి. నేను వణకలేదు.